ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా మందులెందుకు?

నమస్తే అండీ. నాకు కిడ్నీ మార్పిడి అయిందని తెలిసినవాళ్లు తరచూ అడిగే మాట ఇది: "ఆపరేషన్ అయిపోయింది, బాగానే ఉన్నావు, ఇంకా ఈ మందులెందుకు?" అడిగినవాళ్లను తప్పుపట్టను, ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

కొత్త అవయవాన్ని మన ఒళ్లు పరాయిదానిగానే చూస్తుంది. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన కిడ్నీ మార్పిడి నిలబడిందంటే, ఇచ్చినవారూ తీసుకున్నవారూ అచ్చుగుద్దినట్టుండే కవలలు కాబట్టి. మిగతా అందరికీ టాక్రోలిమస్ లాంటి మందులతో రోగనిరోధక శక్తిని అదుపులో పెట్టాల్సిందే. రక్తంలో ఆ మందు తగ్గితే ఒళ్లు అవయవం మీద దాడికి దిగుతుంది, ఎక్కువైతే చేతులు వణకడం, ఇన్ఫెక్షన్లు, ఆఖరికి ఆ కిడ్నీకే దెబ్బ. అందుకే అన్ని రక్తపరీక్షలు. లెవెల్ చూసే రోజు పొద్దుటి డోసు రక్తం ఇచ్చాకే వేసుకోవాలి, ముందే మింగేసి వెళ్తే రిపోర్టులో లెవెల్ లేనిపోని ఎక్కువ కనిపిస్తుంది.

ఇదంతా తెలిసి కూడా నేను రెండో ఏడాదిలో డోసులు తప్పాను. కారణం బాగుండటమే! ఒంట్లో ఏ బాధా లేనప్పుడు మాత్ర గుర్తుకు రాదు. డాక్టరు అడిగితే "వేసుకుంటున్నానండీ" అనేశాను, సిగ్గేసి. తర్వాతి పరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టి పంపేయాల్సిన వ్యర్థం, రక్తంలో పెరిగింది. నొప్పి లేదు, జ్వరం లేదు, మూత్రం మామూలుగానే వస్తోంది. అది మా అక్క ఇచ్చిన కిడ్నీ అండీ. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు, "ఏ పూట తప్పుతోంది?" అని మాత్రం అడిగారు. సాయంత్రం పూట. డాక్టరుతో మాట్లాడి, పన్నెండు గంటల తేడా ఉండేలానే, నేను తప్పకుండా ఇంట్లో ఉండే వేళలకు డోసులు మార్చారు. అంతే, తప్పడం ఆగిపోయింది.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోకండి. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ టాక్రోలిమస్ లెవెల్‌ను పెంచేస్తుంది, టీబీకి వాడే రిఫాంపిసిన్ తగ్గించేస్తుంది, అందుకే ఎవరు ఏ మందు రాసినా మీ ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కి చెప్పాకే వేసుకోండి. మూలికల మందులకూ ఇదే మాట. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయండి.

మనసు సంగతి మాత్రం తొందరగా తేల్చేసేది కాదు. ఈ మందులతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల నిద్ర పట్టదు, కోపం వస్తుంది, ఇంట్లోవాళ్లేమో "బతికి బయటపడ్డావు, ఇంకేం దిగులు?" అంటారు. వాళ్లది ప్రేమే, కానీ ఆ మాట వింటే నోరు మూతబడిపోతుంది. దాత మరణంతో అవయవం అందినవాళ్లలో కొందరికి, ఒకరు పోతే నేను బతికానన్న అపరాధభావం ఇంకా బరువు. నాకు ఊరటనిచ్చింది నాకన్నా చాలా ఏళ్ల ముందు మార్పిడి అయిన ఒకాయన. సలహాలేం ఇవ్వలేదు, "నేనూ దాచానమ్మా" అన్నారు. అలాంటివాళ్లను కలిపించమని మీ ఆసుపత్రిలో అడగండి, కౌన్సెలర్ కావాలని కూడా మొహమాటం లేకుండా అడగండి. మిమ్మల్ని చూసుకునేవాళ్లనూ తీసుకెళ్లండి, వాళ్ల టెన్షన్ ఎవరూ అడగరు.

అక్కకు చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. అంతా విని, "ఈసారి క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అంది. ఇప్పుడు ప్రతి రిపోర్టూ ముందు తనకే పంపిస్తున్నాను.