ఫార్ములా అందరూ రాస్తారు, ఫర్నేస్ సంగతి ఎవరు రాస్తారు?

వేదిక మీదున్న పెద్దలకూ, ఎదురుగా ఉన్న పరిశోధక విద్యార్థులకూ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, క్షమించాలి. సిరామిక్ పదార్థాల కొత్త ఉపయోగాల గురించి మాట్లాడమన్నారు. ఆ పని నా తర్వాత వచ్చేవాళ్లు బాగా చేస్తారు. నేను ఫర్నేస్ గురించి, అంటే ఆ పదార్థాల్ని కాల్చే కొలిమి గురించి మాట్లాడతాను.

నవ్వకండి. ఇదివరకు కూడా నవ్వారు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

1986లో బెడ్నోర్జ్, ముల్లర్ అనే శాస్త్రవేత్తలు ఒక రాగి ఆక్సైడ్ సిరామిక్‌లో అతివాహకత్వం, అంటే ఏ నిరోధమూ లేకుండా కరెంటు పారడం చూపించారు. మరుసటి ఏడాదే వాళ్లకి నోబెల్ వచ్చింది. అదే ఏడాది ఇట్రియం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడ్ 93 కెల్విన్ల (సుమారు మైనస్ 180 డిగ్రీల సెల్సియస్) దగ్గరే అతివాహకం అయింది. ద్రవ నైట్రోజన్ అంతకంటే చల్లగా, 77 కెల్విన్ల దగ్గర మరుగుతుంది కాబట్టి, దాంతో చల్లబరిస్తేనే పని జరిగిపోతుందని ప్రపంచమంతా సంబరపడింది. అప్పట్నుంచి మనకి కొత్త ఫార్ములాల పిచ్చి పట్టుకుంది. కానీ ఆ పదార్థాన్ని చల్లార్చేటప్పుడు ఆక్సిజన్ సరిగ్గా ఎక్కకపోతే ఏమవుతుందో తెలుసు కదా? అవే లోహాలు, అదే నిష్పత్తి. అతివాహకం సంగతి దేవుడెరుగు, మామూలు వాహకం కూడా కాదు. అంటే ఫలితం సగం ఫార్ములాలో ఉంటే, సగం చల్లార్చిన తీరులో ఉంది. ఆ రెండో సగం ఎవరికీ పట్టదు.

జిర్కోనియా, అంటే జిర్కోనియం ఆక్సైడ్ తీసుకోండి. స్వచ్ఛమైన జిర్కోనియాని కాల్చి చల్లారిస్తే, వెయ్యి డిగ్రీల ప్రాంతానికి దిగేసరికి స్ఫటిక రూపం మారుతుంది, ఘనపరిమాణం నాలుగైదు శాతం పెరుగుతుంది. ముక్క కాస్తా ముక్కలవుతుంది. కొంచెం ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) లాంటిది కలిపితే ఆ మార్పుని ఆపొచ్చు. పూర్తిగా ఆపకుండా, అంచున నిలబెడితే ఇంకా మంచిది. 1975లో ఆస్ట్రేలియాలో గార్వీ బృందం చూపించింది అదే. పగులు ముందుకి పాకుతుంటే, దాని కొస దగ్గరున్న రేణువులు అప్పటికప్పుడు రూపం మార్చుకుని ఉబ్బుతాయి, పగులుని రెండు పక్కలనుంచీ నొక్కి ఆపేస్తాయి. పెళుసుగా పగలడమే తెలిసిన సిరామిక్ జాతిలో ఇలాంటిది పుట్టింది! అందుకే ఈరోజు పళ్ల మీద తొడుగులు దీనితో చేస్తున్నారు. కాల్చినప్పుడు ఐదో వంతు దాకా కుంచించుకుపోతుంది కాబట్టి, ముందే ఆ మేరకు పెద్దదిగా చెక్కి అప్పుడు కాలుస్తారు. కుంచింపు లెక్క తప్పితే తొడుగు పంటికి కూర్చోదు.

ఇదే జిర్కోనియాతో తుంటి కీలు బంతులు కూడా చేశారు. ఏళ్ల తరబడి బాగానే పనిచేశాయి. 1990ల చివర్లో ఒక తయారీదారు పాత ఫర్నేస్ మానేసి, సరుకు ఒక కొసన వెళ్లి ఇంకో కొసన వచ్చే టన్నెల్ ఫర్నేస్‌కి మారాడు. ఫార్ములా మారలేదు. అయినా ఆ బంతులు రోగుల శరీరాల్లోనే పగిలాయి. 2001లో వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. ఒంట్లోని తేమ ఈ పదార్థాన్ని మెల్లమెల్లగా మార్చేస్తుంది. ఆ మార్పుని తట్టుకోవడం ముక్క ఎంత దట్టంగా కాలిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మళ్లీ చెబుతున్నాను, ఫార్ములా మారలేదు.

ఇప్పుడు నా గోడు. ఒకసారి నిధులిచ్చే కమిటీ ముందు కూర్చున్నాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అడిగితే ఎవరూ కిక్కురుమనలేదు. దానితోపాటు, వేడిని మెట్లుమెట్లుగా ప్రోగ్రాం చేసుకునే ఫర్నేస్ ఒకటి అడిగాను. నవ్వారు. "పాతది ఉంది కదండీ, వేడెక్కుతోంది కదా" అన్నారు. వేడెక్కుతోంది! పెనం కూడా వేడెక్కుతుంది. మా పాత ఫర్నేస్‌లో తలుపు దగ్గర ఒక ఉష్ణోగ్రత, వెనక గోడ దగ్గర ఇంకొకటి. ఒకే పొడి, ఒకే అచ్చు, ఒకే రోజు. వెనక పెట్టిన పెల్లెట్ (పొడిని అచ్చులో నొక్కి చేసిన బిళ్ల) గోరుతో కొడితే ఖంగుమనేది, తలుపు దగ్గరది గీకితే రాలేది. మైక్రోస్కోప్ మాత్రం వచ్చింది. దాంతో తలుపు దగ్గరి పెల్లెట్లలోని రంధ్రాలకి చాలా అందమైన ఫోటోలు తీశాం.

రంధ్రాలంటే గుర్తొచ్చింది. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) ఎప్పుడూ తెల్లగా, కాంతిని పోనివ్వకుండా ఉంటుందని అందరూ అనుకునే రోజుల్లో, 1950ల చివర్లో రాబర్ట్ కోబుల్ అనే శాస్త్రవేత్త అందులో అర శాతం కూడా లేనంత మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) కలిపాడు. రేణువులు విపరీతంగా పెరిగి రంధ్రాలని లోపల బంధించడం ఆగిపోయింది. రంధ్రాలు బయటికి పోయాయి, కాంతి లోపలినుంచి రావడం మొదలైంది. దశాబ్దాల పాటు రోడ్ల మీద వెలిగిన పసుపు రంగు సోడియం దీపాల గొట్టాలు దాని పుణ్యమే. ఆయన కొత్త పదార్థమేమీ కనిపెట్టలేదు. రంధ్రం ఎందుకు ఇరుక్కుంటుందో ఆలోచించాడు.

మరి మన పేపర్లలో ఏముంటుంది? "1450 డిగ్రీల దగ్గర సింటర్ చేశాం." అంటే పొడి రేణువులు అతుక్కుని గట్టిపడేలా కాల్చామని. ఒక్క వాక్యం! నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున ఎక్కించారు? ఎంతసేపు ఉంచారు? ఏ క్రూసిబుల్‌లో, అంటే ఏ మూసలో పెట్టారు? అమ్మా, ఆ మూడో వరసలో రాసుకుంటున్న అమ్మాయీ, ఇది రాసుకో. పొడి అతుక్కోవడానికి కలిపిన బైండర్ 300 నుంచి 500 డిగ్రీల మధ్య కాలిపోతుంది. అక్కడ తొందరపడితే ఆ పొగ బయటికి దారి దొరక్క పెల్లెట్‌ని లోపలినుంచి చీలుస్తుంది. పైకి ఏమీ కనబడదు. నెల తర్వాత కొలతలు తేడాగా వస్తే ఫార్ములాని తిడతాం.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగించేస్తాను. మధ్యాహ్నం పోస్టర్ల దగ్గరికి వస్తున్నాను. స్ఫటిక రూపం చెప్పే ఎక్స్‌రే గ్రాఫులు నాకు చూపించకండి. సాంద్రత ఎంత వచ్చిందో, ఆర్కిమెడిస్ పద్ధతిలో, అంటే ద్రవంలో ముంచి తూచి కొలిచారో స్కేలు పెట్టి లెక్కేశారో అడుగుతాను. పగిలిన పెల్లెట్ ఎవరైనా దాచి తెచ్చుంటే, ముందు వాళ్ల దగ్గరికే వస్తాను.