వార్తలు చెప్పకూడని రేడియో: మాచ్‌నూరు కథ

నమస్తే. ఇవాళ ఒక క్రికెట్ మ్యాచ్‌తో మొదలుపెడతా. 1993 నవంబరు, ఈడెన్ గార్డెన్స్, హీరో కప్ సెమీఫైనల్. చివరి ఓవర్లో దక్షిణాఫ్రికాకు ఆరు పరుగులు కావాలి. బంతి సచిన్ చేతికొచ్చింది. మూడు పరుగులే ఇచ్చాడు, మనం గెలిచాం. ఈ ఓవర్ గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కానీ అదే టోర్నీ మీద ఇంకో గొడవ నడిచింది. మ్యాచ్‌ల ప్రసార హక్కులు బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకు ఇచ్చింది. అట్లా ఎట్లా కుదురుతుంది, ప్రసారం అంటే మా సొత్తు అని దూరదర్శన్, కేంద్ర ప్రభుత్వం అడ్డం తిరిగాయి. వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. తెల్లదొరల కాలందన్నమాట.

కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1995 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద సర్కారు గుత్తాధిపత్యమూ కుదరదు, ఇంకెవరి గుత్తాధిపత్యమూ కుదరదు అన్నారు. తీర్పు ఇచ్చిన ముగ్గురు జడ్జిల్లో ఒకరు మన జస్టిస్ జీవన్ రెడ్డి. ఇంకొకరు జస్టిస్ పి.బి. సావంత్. సావంత్ గారి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తారు.

ఇప్పుడు జహీరాబాద్ పోదాం. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. అక్కడ 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ పనిచేస్తోంది. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు, ఎక్కువమంది దళితులు, ఎకరం అరెకరం భూమి ఉన్నవాళ్లు. జొన్న, కొర్ర, సామ, తైద కలిపి పండించే మెట్ట సేద్యం. ఎవుసం గురించి రేడియోలో చెప్పేవాళ్లు యూరియా గురించి చెప్తారు, వీళ్లకేమో విత్తనం కుండలో ఎట్లా దాచాలో కావాలి. ఆ మాట చెప్పేవాళ్లు వాళ్ల ఊళ్లలోనే ఉన్నారు, కాకపోతే వాళ్ల దగ్గర మైకు లేదు.

యునెస్కో సాయంతో 1998లో జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూరు అనే ఊళ్లో రేడియో స్టూడియో కట్టారు. గోడలున్నాయి, రికార్డింగ్ మిషన్లున్నాయి, మాట్లాడే మనుషులున్నారు. ప్రసారం చేయడానికి లైసెన్సు మాత్రం లేదు. తరంగాలు ప్రజలవి అని కోర్టు చెప్పి మూడేళ్లయినా, ప్రజలకు ఇచ్చే పద్ధతి సర్కారు తయారు చేయలేదు. తర్వాత కాలేజీలకు, యూనివర్సిటీలకు ఇచ్చారు గానీ ఊరోళ్లకు ఇవ్వలేదు.

మరి ఆ పదేళ్లు ఆ ఆడవాళ్లు ఏం చేశారు? క్యాసెట్లు చేశారు. కార్యక్రమం రికార్డు చేసి, ఆ క్యాసెట్ పట్టుకొని సంఘం మీటింగుకు పోయి, టేప్‌రికార్డర్‌లో పెట్టి వినిపించారు. గాలిలో పోవాల్సిన మాట సంచిలో పోయింది. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చింది ఇదే. మనమైతే రెండు వీడియోలకు వ్యూస్ రాకపోతే ఛానల్ మూసేస్తాం.

2006లో కేంద్రం విధానం మార్చి స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో, అంటే ఊరోళ్లే తమ కోసం నడుపుకొనే చిన్న రేడియో, ఇవ్వొచ్చు అంది. 2008 అక్టోబరు 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినం నాడు, సంఘం రేడియో 90.4 ఎఫ్ఎం గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఎవరు? జస్టిస్ సావంత్. నడిపింది ఇద్దరు దళిత యువతులు, ఇద్దరి పేర్లూ నర్సమ్మే. ఒకరు ఆల్గోల్ నర్సమ్మ, ఇంకొకరిని అందరూ జనరల్ నర్సమ్మ అంటారు. పాటలు, పంటలు, వంటలు, చెట్ల మందులు, పండగలు, అన్నీ ఆ జహీరాబాద్ వైపు మాటలోనే. న్యూస్ చదివే తెలుగు కాదు, చేన్లో కలుపు తీస్తూ మాట్లాడే తెలుగు.

ఇక కెమెరా సంగతి. రేడియోతో పాటు ఈ సంఘం ఆడవాళ్లు వీడియో కూడా నేర్చుకున్నారు. ఆ సంస్థను నడిపిన పి.వి. సతీష్ గారు ఒకప్పుడు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. 2023లో పోయారు. ఈ ఆడవాళ్లు కెమెరా యాంగిల్స్‌కు వాళ్ల పేర్లు వాళ్లే పెట్టుకున్నారు. ఆగండి, చూపిస్తా. ఈ ఫోను నా తల మీదకి ఎత్తుతున్నా. ఇప్పుడు మీకు నేను ఎట్లా కనిపిస్తున్నా? పొట్టిగా, ఏదో తప్పు చేసినవాడిలా. పటేలు పైన కూర్చుని కింద కూలోళ్లను చూసే చూపు ఇది. వాళ్లు దీన్ని పటేల్ షాట్ అన్నారు. ఇప్పుడు ఫోను నేల మీద పెడుతున్నా. నా ముక్కు రంధ్రాలు కనిపిస్తున్నాయి, క్షమించాలి. నేను పెద్ద దొరలా ఉన్నా కదా? ఇది బానిస షాట్. ఇప్పుడు కంటికి కన్ను, సమానంగా. ఇది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఫిల్మ్ స్కూల్లో ఏళ్లు చదివినవాళ్లు కూడా ఇంత సూటిగా చెప్పరు.

ఆ కెమెరాతోనే వరంగల్ పోయారు. 2002లో బీటీ పత్తికి, అంటే పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తికి, అనుమతి వచ్చిన మొదటి సీజన్ అది. ఒక్కసారి పోయి బైట్ తీసుకొని రాలేదు. విత్తనం పడ్డప్పటి నుంచి పత్తి తీసేదాకా అదే రైతుల దగ్గరికి మళ్లీ మళ్లీ పోయారు. మొదట ఆశగా మాట్లాడిన రైతే చివరికి ఎట్లా మాట్లాడాడో కెమెరాలో ఉంది. బీటీ మీద మీ అభిప్రాయం ఏదైనా కానీయండి, ఒక పంట కాలమంతా ఒకే చేను చుట్టూ తిరిగిన రిపోర్టర్ మన దగ్గర ఎంతమంది ఉన్నారు?

అన్నీ పొగడ్తలేనా అంటారేమో. లేదు. ఈ రేడియో నిలబడింది ఒక స్వచ్ఛంద సంస్థ భుజాల మీద. స్టూడియో బయటి డబ్బుతో వచ్చింది. సంస్థకు కష్టమొస్తే మైకుకూ కష్టమే. దీన్ని పూర్తి స్వతంత్రం అని నేను అనలేను.

ఇంకో పెద్ద గొలుసు ఉంది. మన దేశంలో కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు. కావాలంటే ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు మళ్లీ వేసుకోవచ్చు. వాన ఎప్పుడొస్తుందో, కరెంటు ఎప్పుడు పోతుందో, జాతర ఎప్పుడో చెప్పొచ్చు. రేషన్ బియ్యం పక్కదారి పడితే మాత్రం వార్తగా చెప్పడం కుదరదు. పొద్దున లేస్తే ఇరవై నాలుగు గంటల న్యూస్ ఛానళ్లు అరుస్తుంటాయి, ఊరి రేడియోకు మాత్రం వార్త నిషేధం. ఇందులో లాజిక్ నాకైతే ఇప్పటికీ ఎక్కలేదు.

మరి మన సంగతి? యూట్యూబ్‌లో నాకు లైసెన్సు అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ రోజు మండలానికి పది లోగో మైకులున్నాయి. పోయిన ఎన్నికలప్పుడు నాకూ ఫోనొచ్చింది. "అన్నా, సార్ బర్త్‌డేకి ఒక యాడ్ వెయ్యి, ఆ రోడ్డు వీడియో కొన్నాళ్లు పక్కన పెట్టు." డబ్బు తీసుకోలేదు, కానీ నిజం చెప్పాలంటే ఆ వీడియో రెండు వారాలు లేటుగా పెట్టా. టెన్షన్. ఆ టెన్షన్ లేకపోయినా, ఏ థంబ్‌నెయిల్‌కు జనం వస్తారో చూసుకొనే టాపిక్ ఎంచుకుంటున్నా. సంఘం రేడియోవాళ్లకు ఏం చెప్పకూడదో సర్కారు చెప్తుంది, నాకు ఏం చెప్పాలో అల్గారిథం చెప్తుంది. కానీ వాళ్ల టాపిక్ సంఘంలో కూర్చున్న ఆడవాళ్ల నోట్లోంచి వస్తుంది. నేను టాపిక్ ఎవరినీ అడగను. ఇప్పటిదాకా మూడు వందల వీడియోలు పెట్టా, ముందు వీడియో దేని మీద తీద్దాం అని మా ఊళ్లో ఒక్కరినీ అడగలేదు.

ఉపాధి హామీ కూలి డబ్బులు రాలేదని మొన్న ఒక పెద్దమ్మ మీద వీడియో పెట్టా కదా, గుర్తుందా? ఈ స్క్రిప్టు రాసుకుంటూ అది మళ్లీ చూసుకున్నా. ఆమె గట్టు మీద కూర్చుని ఉంది, నేను నిలబడి పైనుంచి మైకు పెట్టా. అచ్చమైన పటేల్ షాట్.

నిన్న మళ్లీ పోయా. ఆమె పక్కనే కూర్చున్నా, ఫోను ఆమె చేతికే ఇచ్చా. అటు తిప్పి, ఇటు తిప్పి, నా వైపు పెట్టి అడిగింది: "ఆ వీడియో పెట్టినవ్ గదా బిడ్డా, పైసలొచ్చినయా అని మళ్ల అడగనికి నువ్వెందుకు రాలే?"

ఆ ఫుటేజ్ ఆదివారం పెడతా. నేను ఏం కట్ చేయలేదు.