వేరేవాళ్లు కట్టిన యాక్సెస్ డేటాబేస్‌ని ముట్టుకునే ముందు చదవడం ఎలా?

అందరికీ నమస్కారం. మీ చేతికి ఒక మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (డేటాబేస్‌లు కట్టే ప్రోగ్రామ్) ఫైల్ వచ్చిందనుకుందాం. దాన్ని కట్టిన మనిషి ఇప్పుడు ఆ ఆఫీసులో లేరు. లోపల పదుల కొద్దీ టేబుళ్లు, అంతకు రెట్టింపు క్వెరీలు, అంటే టేబుళ్ల నుంచి కావాల్సిన డేటా తీసే ప్రశ్నలు. "ఈ ఒక్క కాలమ్ పేరు మార్చి పెట్టండి, చాలు" అని మిమ్మల్ని అడిగారు. మార్చడం అర నిమిషం పని. మార్చాక ఏ రిపోర్ట్ ఎక్కడ ఆగిపోతుందో తెలియదు, అసలు టెన్షన్ అదీ. అందుకే ఈరోజు ఏమీ మార్చం. ఫైల్ లోపల ఏముంది, ఏది దేని మీద ఆధారపడింది అన్నది మాత్రం పూర్తిగా రాసి పెట్టుకుందాం. దీనికి కావాల్సిన టూల్స్ యాక్సెస్‌లోనే ఉన్నాయి. ఏదీ విడిగా కొనక్కర్లేదు.

ముందుగా ఫైల్‌కి కాపీ తీసుకోండి. ఇది అందరికీ తెలిసిందే. కానీ కాపీ తీశాం కదా అని ధీమాగా ఉండొద్దు. ఎడమవైపు నావిగేషన్ పేన్‌లో టేబుల్ పేర్ల పక్కన చిన్న బాణం గుర్తు ఉందా చూడండి. ఉంటే అవి లింక్డ్ టేబుళ్లు. డేటా ఈ ఫైల్‌లో లేదు, ఇంకో ఫైల్‌లోనో సర్వర్‌లోనో ఉంది. అంటే మీ కాపీలో ఒక రికార్డ్ డిలీట్ చేస్తే, నిజంగా పని నడుస్తున్న డేటాలోంచే పోతుంది. కాబట్టి ఆ రెండో ఫైల్‌కి కూడా కాపీ తీసి, ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబ్‌లో ఉన్న లింక్డ్ టేబుల్ మేనేజర్‌తో మీ కాపీని ఆ కొత్త ఫైల్‌కి కలపండి. ఇది అయ్యేదాకా మిగతా వీడియో చూడకపోయినా పర్వాలేదు, అంత ముఖ్యం.

ఫైల్ తెరిచేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకోండి. మొదట్లో తనంతట తానే తెరుచుకునే ఫారమ్, ఫైల్ తెరవగానే నడిచే ఆటో ఎగ్జెక్ మాక్రో రెండూ ఆగిపోతాయి, నేరుగా లోపలికి వెళ్తారు. కట్టినవాళ్లు ఆ దారి మూసేసి ఉంటే మాత్రం ఇది పనిచేయదు. ఫైల్ పేరు చివర ఏసీసీడీఈ అనో ఎమ్‌డీఈ అనో ఉంటే ఫారమ్‌ల డిజైన్, కోడ్ మీకు కనిపించవు. అసలు ఫైల్ ఎక్కడుందో వెతకాల్సిందే.

ఇప్పుడు డేటాబేస్ టూల్స్ ట్యాబ్‌కి వెళ్దాం. రిలేషన్‌షిప్స్ నొక్కి, అక్కడ ఆల్ రిలేషన్‌షిప్స్ బటన్ నొక్కండి. టేబుళ్లు, వాటి మధ్య గీతలు వస్తాయి. ఆ గీతల చివరలు దగ్గరగా చూడండి. ఇదిగో, ఈ ఉదాహరణ ఫైల్‌లో సభ్యుల టేబుల్ నుంచి చెల్లింపుల టేబుల్‌కి వెళ్లే గీతకి ఒక పక్క 1, రెండో పక్క అనంతం గుర్తు ఉన్నాయి. అంటే ఇక్కడ రిఫరెన్షియల్ ఇంటెగ్రిటీ అమల్లో ఉంది, లేని సభ్యుడి పేరు మీద చెల్లింపు ఎక్కదు. కింద ఉన్న ఈ ఇంకో గీతకి ఏ గుర్తూ లేదు. గీత ఉంది కానీ కాపలా లేదన్నమాట. ఇలాంటి చోటే చెత్త డేటా పేరుకుంటుంది. క్రియేట్ ట్యాబ్‌లో క్వెరీ విజార్డ్ తెరిచి, ఫైండ్ అన్‌మ్యాచ్డ్ ఎంచుకుని ఆ రెండు టేబుళ్లూ ఇవ్వండి. ఒక టేబుల్‌లో ఉండి రెండో దాంట్లో జత లేని రికార్డులన్నీ బయటపడతాయి. వాటిని ఇప్పుడే సరిచేయొద్దు. ఎన్ని ఉన్నాయో రాసి పెట్టుకోండి.

చాలా ఫైళ్లలో అసలు గీతలే ఉండవు. అంటే టేబుళ్లకి సంబంధం లేదని కాదు, ఆ సంబంధం క్వెరీల జాయిన్లలో, అంటే టేబుళ్లని కలిపే షరతుల్లో, దాక్కుని ఉంటుంది.

ఇక డాక్యుమెంటర్, అంటే ఫైల్‌లో ఉన్నవాటి వివరాలు రిపోర్ట్‌గా రాసిచ్చే టూల్. డేటాబేస్ టూల్స్‌లోనే, అనలైజ్ అనే గుంపులో డేటాబేస్ డాక్యుమెంటర్ ఉంటుంది. తెరిస్తే పైన ట్యాబ్‌లు కనిపిస్తాయి. కొత్తవాళ్లు నేరుగా ఆల్ ఆబ్జెక్ట్ టైప్స్‌కి వెళ్లి, సెలెక్ట్ ఆల్ కొట్టి ఓకే అంటారు. పేజీలకు పేజీలు వస్తాయి, ఎవరూ చదవరు. మనం టేబుల్స్ ట్యాబ్‌తో మొదలుపెడదాం. ఆప్షన్స్ నొక్కండి. పర్మిషన్స్ టిక్ తీసేయండి. ఫీల్డుల దగ్గర పేర్లు, డేటా టైపులు, సైజులు అన్న మధ్య ఆప్షన్ పెట్టండి. ఇండెక్సులకి (వెతకడం వేగంగా జరగడానికి ఉండే సూచికలు) పేర్లు, ఫీల్డులు చాలు. తర్వాత క్వెరీలకి విడిగా ఇంకోసారి నడపండి, అక్కడ ఎస్‌క్యూఎల్ (క్వెరీలు రాసే భాష) టిక్ తప్పనిసరిగా ఉండాలి. ఫారమ్‌లకి మాత్రం కంట్రోల్స్ ప్రాపర్టీలు అడగొద్దు, ఒక్క ఫారమ్‌కే బోలెడు కాగితం అవుతుంది.

వచ్చిన రిపోర్ట్ ప్రివ్యూలో ఉంటుంది. దాన్ని డేటాబేస్‌లో సేవ్ చేయలేం, మూసేస్తే పోతుంది. అందుకే చదవడానికి పీడీఎఫ్‌గా, వెతకడానికి టెక్స్ట్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. రెండూ కావాలి.

ఇప్పుడు మనల్ని అడిగిన కాలమ్ దగ్గరికి వద్దాం. టేబుల్ ఎంచుకుని ఆబ్జెక్ట్ డిపెండెన్సీస్ నొక్కండి. కుడివైపు పేన్‌లో ఈ టేబుల్ మీద ఆధారపడిన క్వెరీలు, ఫారమ్‌లు, రిపోర్టులు చెట్టులా తెరుచుకుంటాయి. ఇది పనిచేయాలంటే ఆప్షన్స్‌లో కరెంట్ డేటాబేస్ కింద ట్రాక్ నేమ్ ఆటోకరెక్ట్ ఇన్ఫో ఆన్ చేసి ఉండాలి. ట్రాక్ చేసే టిక్ ఒక్కటే పెట్టండి. దాని కిందే ఉండే పెర్ఫామ్ అనే టిక్ వద్దు, అది పేర్లని తనంతట తానే మార్చేస్తుంది.

చాలామంది ఈ చెట్టు చూసి, అంతా తెలిసిపోయింది అనుకుంటారు. తెలియలేదు. మాక్రోలు, వీబీఏ (యాక్సెస్ లోపల కోడ్ రాసే భాష) మాడ్యూళ్లు, ఫలితాలని ఒకదాని కింద ఒకటి కలిపే యూనియన్ క్వెరీలు, నేరుగా సర్వర్‌కి వెళ్లే పాస్‌త్రూ క్వెరీలు ఇందులో రావు. పైగా ఈ చెట్టు ఆబ్జెక్ట్ వరకే చెబుతుంది, ఫలానా కాలమ్ ఎక్కడ వాడారో చెప్పదు. అందుకే ఇందాకటి టెక్స్ట్ ఫైల్ తెరిచి కాలమ్ పేరు వెతకండి, క్వెరీల ఎస్‌క్యూఎల్ అంతా అందులోనే ఉంది. తర్వాత ఆల్ట్, ఎఫ్11 నొక్కి వీబీఏ ఎడిటర్‌లో కంట్రోల్ ఎఫ్ కొట్టి, కరెంట్ ప్రాజెక్ట్ అంతా వెతకమనండి. డీలుకప్ అనే, టేబుల్ నుంచి ఒక విలువ తెచ్చే ఫంక్షన్ లోపల కొటేషన్లలో రాసిన పేరు ఏ డిపెండెన్సీ టూల్‌కీ దొరకదు, ఈ వెతుకులాటకే దొరుకుతుంది.

ఇంకొంచెం లోతుకి వెళ్లాలనుకునేవాళ్లకి ఎమ్‌సిస్ ఆబ్జెక్ట్స్ అనే సిస్టమ్ టేబుల్ ఉంది. దాన్నుంచి నేమ్, టైప్ అనే రెండు కాలమ్‌లు సెలెక్ట్ చేయండి. టైప్ 1 అంటే ఈ ఫైల్‌లోనే ఉన్న టేబుల్, 6 అంటే వేరే ఫైల్‌కి లింక్ అయిన టేబుల్, 4 అంటే ఓడీబీసీ లింక్ (సర్వర్ డేటాబేస్‌కి కలిపేది), 5 అంటే క్వెరీ, మైనస్ 32768 అంటే ఫారమ్. టిల్డా గుర్తుతో మొదలయ్యే వింత పేర్ల క్వెరీలు కనిపిస్తే కంగారు పడకండి. ఫారమ్‌లు, రిపోర్టుల రికార్డ్ సోర్స్‌లో (డేటా ఎక్కడి నుంచి రావాలో చెప్పే చోటు) నేరుగా రాసిన ఎస్‌క్యూఎల్‌ని యాక్సెస్ అలా దాచుకుంటుంది.

పక్కనే పెర్ఫార్మెన్స్ అనలైజర్, టేబుల్ అనలైజర్ కూడా ఉన్నాయి. మొదటిది ఇండెక్స్ ఎక్కడ లేదో చూపిస్తుంది, ఆ జాబితా పనికొస్తుంది. ఆప్టిమైజ్ బటన్ మాత్రం నొక్కొద్దు. రెండోది ఒకే డేటా పదేపదే ఉన్న టేబుల్‌ని విడగొడతానంటుంది. అది చెప్పేది వినండి, చివరి దాకా వెళ్లనివ్వకండి.

టూల్స్ చెప్పేది ఇంతవరకే. ఇక్కడ చూడండి, సభ్యుల టేబుల్‌లో స్టేటస్ అనే ఫీల్డ్ ఉంది. నంబర్, లాంగ్ ఇంటీజర్, సైజ్ 4 అని డాక్యుమెంటర్ రాసింది. అంతా నిజమే, కానీ మనకి కావాల్సింది అది కాదు. ఒక టోటల్స్ క్వెరీ వేసి, స్టేటస్‌ని గ్రూప్ బై చేసి కౌంట్ తీద్దాం, అంటే ఒక్కో విలువ ఎన్నిసార్లు ఉందో లెక్కిద్దాం. 1, 2, 9 అనే మూడు విలువలే వచ్చాయి. 1 చురుగ్గా ఉన్నవాళ్లు, 2 మానేసినవాళ్లు అని ఫారమ్‌లోని కాంబో బాక్స్ (ఎంచుకునే జాబితా) చెబుతోంది. 9 ఆ కాంబోలోనే లేదు. అయినా ఒక రిపోర్ట్ క్వెరీలో మాత్రం "9 కాకుండా" అని షరతు ఉంది. అది తెలియకుండా ఎవరైనా ఆ 9లని తప్పుడు ఎంట్రీలనుకుని 1గా మార్చేస్తే, ఆ రిపోర్ట్ లెక్క ఆరోజు నుంచీ తప్పు.

ఆ 9 ఏమిటో రోజూ ఈ ఫైల్‌లో ఎంట్రీ చేసేవాళ్లకే తెలుస్తుంది. వెళ్లి వాళ్లని అడగండి. జవాబు వచ్చాక నోట్‌బుక్‌లో రాసి ఊరుకోకండి. టేబుల్‌ని డిజైన్ వ్యూలో తెరిచి, స్టేటస్ పక్కన ఉన్న డిస్క్రిప్షన్ గడిలో రాయండి. కొత్తగా కట్టే ఫారమ్‌లో ఆ ఫీల్డ్ మీదికి వెళ్లినప్పుడు ఆ వాక్యం కింద స్టేటస్ బార్‌లో కూడా కనిపిస్తుంది. టేబుల్ లింక్ అయినదైతే, డేటా ఉన్న ఫైల్ తెరిచి అక్కడ రాయాలి. ముఖ్యమైన టేబుళ్లన్నిటికీ ఇలా రాశాక డాక్యుమెంటర్‌ని మళ్లీ నడపండి, ఈసారి ఫీల్డుల దగ్గర ప్రాపర్టీలతో సహా అన్న మూడో ఆప్షన్ పెట్టి. మీరు రాసిన డిస్క్రిప్షన్లు అప్పుడే రిపోర్ట్‌లోకి వస్తాయి. ఆ పీడీఎఫ్ పేరులో తేదీ పెట్టి డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌లోనే ఉంచండి. కాలమ్ పేరు మార్చే పని ఇక మొదలుపెట్టొచ్చు.