కాకిబంగారానికి ఇంకో పేరు

నమస్కారమండీ. గూడూరు నుంచి సైదాపురం వైపు బస్సులో వెళ్ళినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఎండ పడితే చాలు రోడ్డు పక్క మట్టి తళతళలాడుతుంది. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు అటే. చిన్నప్పుడు ఆ బిళ్ళలు ఏరుకొచ్చి గోటితో పొరలు ఒలుస్తూ కూర్చునేవాళ్ళం, ఎంత ఒలిచినా ఇంకో పొర వచ్చేది, చివరికి వేళ్ళు కూడా మెరిసేవి. మేం కాకిబంగారం అనేవాళ్ళం. బడిలో అభ్రకం అన్నారు. గనుల్లో పనిచేసేవాళ్ళు మాత్రం మైకా అనేవాళ్ళు.

ఇవాళ ఆ ఒక్క మాట గురించే, మైకా.

ఇంగ్లీషులోకి అది లాటిన్ నుంచి వచ్చింది. అర్థం మెరుపు అయ్యుంటుందని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను, లాటిన్‌లో మెరవడానికి 'మికారే' అనే మాట ఉంది కూడా. తీరా నిఘంటువు తెరిస్తే, మైకా అంటే రొట్టె తునక! రొట్టె విరిచినప్పుడు ఒళ్ళో రాలే పొడి ఉంటుంది చూడండి, అది. ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ రొట్టె లోపలి మెత్తటి భాగాన్ని 'మీ' అంటారు, అదీ ఈ మాటలోంచి వచ్చిందే. ఆ చిన్న తునక రాయికి పేరుగా స్థిరపడటంలో మికారే మెరుపు కూడా కలిసి ఉంటుందని పెద్దల మాట.

రాయి ఒక్కటే. సంస్కృతంలో అభ్రమంటే మబ్బు, కాబట్టి వాళ్ళకి అందులో మబ్బు కనిపించింది, లాటిన్ చదివినవాళ్ళకి రొట్టె తునక కనిపించింది, మనకేమో బంగారంలా మెరిసి బంగారం కానిది కనిపించింది. నాకు మన పేరే ఎక్కువ ఇష్టం. మన గూడూరు మైకా రకాన్ని మస్కోవైట్ అంటారు, అందులో ఉన్నది మాస్కో పేరే, పాత రష్యాలో ఈ రేకుల్ని కిటికీలకి గాజు బదులు బిగించేవాళ్ళు.

పిల్లలకి ఇంగ్లీషు మాటలు నేర్పించే అమ్మానాన్నలకి నాది ఒక్కటే మనవి. పెద్ద నిఘంటువుల్లో అర్థం పక్కనో చివరనో, తరచుగా బ్రాకెట్లలో, మాట ఎక్కడిదో రాసి ఉంటుంది. అందరం దాటేస్తాం. అర్థం బట్టీ పట్టించే ముందు అది చదివించండి, ఆ ఒక్క లైను చాలు, మాట మనసులో ఉండిపోతుంది. కిటికీ అన్నాను కాబట్టి ఈ రాత్రికి నిఘంటువులో విండో అనే మాట తీయండి. అది ఇంగ్లీషులోకి వచ్చింది ఉత్తర ఐరోపావాళ్ళ పాత నార్స్ భాష నుంచి, అక్కడ దాని అర్థం 'గాలి కన్ను'. దాని కిందే గవాక్షం అని రాసి పిల్లల చేతే విడదీయించండి, అందులోనూ ఒక కన్ను ఉంది, ఎవరి కన్నో వాళ్ళనే చెప్పనివ్వండి.