రాత్రి 9 గంటల గీత

[స్క్రీన్ మీద: గోడ గడియారం, 9 దగ్గర ముల్లు]

2001 ఆగస్టు 9, అమెరికా తూర్పు తీరపు టైమ్ ప్రకారం రాత్రి 9. ప్రెసిడెంట్ జార్జ్ డబ్ల్యూ. బుష్ టెక్సాస్‌లోని తన రాంచ్ నుంచి టీవీలో మాట్లాడారు. విషయం స్టెమ్ సెల్స్. ఆ రాత్రి ఆయన గీసిన గీత దాదాపు ఎనిమిదేళ్లు చెరగలేదు.

ముందు ఆ కణాల సంగతి చూద్దాం. పిల్లలు లేని దంపతులకు ఐవీఎఫ్ చేసేటప్పుడు ల్యాబ్‌లో ఒకేసారి చాలా పిండాలు తయారవుతాయి. కడుపులోకి పంపేవి కొన్నే. మిగతావాటిని గడ్డకట్టించి దాస్తారు. 2003లో లెక్కేస్తే అమెరికాలో ఇలాంటివి దాదాపు 4 లక్షలు తేలాయి. ఐదు రోజుల పిండం లోపల చిన్న కణాల గుత్తి ఉంటుంది. దాన్ని తీసి పెంచితే ఆ కణాలు గుండెగా, నరంగా, దేనిగానైనా మారగలవు. మనిషి పిండం నుంచి వాటిని తీసి పెంచడం 1998లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో జేమ్స్ థామ్సన్ బృందం చేసి చూపించింది.

గుత్తి తీశాక పిండం మిగలదు. గొడవంతా అక్కడే.

ఫలదీకరణ జరిగిన క్షణం నుంచే అది మనిషి అని క్యాథలిక్ చర్చి వాదన. ఎలాగూ పారేసే పిండమే కదా, రోగులకు పనికొస్తే తప్పేంటి అని ఇంకో వాదన. ఇది రెండు పార్టీల మధ్య తగాదా అనుకుంటే పొరపాటు. అబార్షన్‌ను గట్టిగా వ్యతిరేకించిన రిపబ్లికన్ సెనేటర్ ఆరిన్ హ్యాచ్ పరిశోధన వైపే నిలబడ్డారు. అల్జీమర్స్‌తో భర్త, మాజీ ప్రెసిడెంట్ రొనాల్డ్ రీగన్ కరిగిపోవడం చూసిన నాన్సీ రీగన్ కూడా అంతే.

బుష్ మధ్యే మార్గం వెతికారు. ఒక పిండం నుంచి తీసి ల్యాబ్‌లో పెంచుతూ పోయే కణాల వరసను సెల్ లైన్ అంటారు. ఆ రాత్రి 9 గంటలకు ముందే మొదలైన సెల్ లైన్ల మీద పరిశోధనకు ప్రభుత్వ డబ్బు ఇస్తారు, ఆ తర్వాతవాటికి ఇవ్వరు. పోయిన పిండం ఎలాగూ తిరిగి రాదు, కొత్తవాటిని చంపడానికి మాత్రం జనం పన్నులు వాడొద్దు అన్నది తర్కం.

గమనించారా, నిషేధం ఎక్కడా లేదు! ప్రైవేటు డబ్బుతో ఎవరేం చేసుకున్నా సర్కారు అడగదు. మిగిలిన పిండాన్ని క్లినిక్ చెత్తలో పారేసినా అడగదు. నాకు ఈ విధానంలో మింగుడుపడనిది ఇదే.

[స్క్రీన్ మీద: 64 అనే అంకె 21గా మారుతుంది]

అర్హత ఉన్న లైన్లు 64 అని జాబితా ఇచ్చారు. అందులో మనవాళ్లవీ ఉన్నాయండోయ్: ముంబయి రిలయన్స్ లైఫ్ సైన్సెస్‌వి 7, బెంగళూరులోని పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌వి 3. తీరా చూస్తే, మొత్తం జాబితాలో పరిశోధకుల చేతికి అందినవి 21. హార్వర్డ్‌లో డగ్లస్ మెల్టన్ ప్రైవేటు నిధులతో 17 కొత్త లైన్లు తయారుచేసి 2004లో అందరికీ పంచారు. ఆయన ఇద్దరు పిల్లలకూ టైప్ 1 డయాబెటిస్. అదే ఏడాది కాలిఫోర్నియా ఓటర్లు ఈ పరిశోధన కోసం 300 కోట్ల డాలర్ల బాండ్లకు సరేనన్నారు.

2006 జులైలో కాంగ్రెస్ ఆ గీత చెరిపే బిల్లు పాస్ చేసింది. బుష్ తన పాలనలో మొదటిసారి వీటో వాడారు. ఆ రోజు వేదిక మీద చంటిపిల్లలు ఉన్నారు. వేరే దంపతుల గడ్డకట్టిన పిండాలను దత్తత తీసుకుంటే పుట్టినవాళ్లు. రాజకీయంగా చాలా తెలివైన సీను. పార్కిన్సన్స్ రోగులకు అలాంటి ఫొటో ఎవరు తీస్తారు?

అదే ఏడాది జపాన్‌లో షిన్యా యమనాక ఎలుక చర్మ కణాలను వెనక్కి తిప్పి స్టెమ్ సెల్స్‌లాంటివి చేశారు. మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ. 2012లో నోబెల్ వచ్చింది. పిండంతో పనిలేదు కాబట్టి తగాదా వేడి తగ్గింది.

2009 మార్చిలో ఒబామా బుష్ గీతను చెరిపేశారు. అయినా డిక్కీ వికర్ సవరణ అని 1990ల నాటి ఇంకో గీత ఉంది. పిండాన్ని నాశనం చేసే పనికి ప్రభుత్వ డబ్బు వాడకూడదని దాన్ని ఏటా బడ్జెట్ చట్టానికి తగిలిస్తూ వచ్చారు. అందుకే ఒబామా వచ్చాక కూడా, ప్రభుత్వ డబ్బుతో నడిచే ల్యాబ్ కొత్త లైన్‌ను వాడుకోవచ్చు, తయారుచేయకూడదు.