"లక్ష్మి" అని టైప్ చేసి చూద్దాం: సీఎస్ఈ అంటే కోడింగ్ ఒక్కటేనా?

నమస్తే అండీ. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "సీఎస్ఈ తీసుకో". ఆ కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్‌లో ఏం చెప్తారని అడిగితే మాత్రం "కోడింగ్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సరే, ఒక పేరు టైప్ చేసి చూద్దాం.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెరిచాను. కొటేషన్లలో "లక్ష్మి" అని రాసి, పొడవు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్‌కి ఇస్తున్నాను. ఎంటర్. 7 వచ్చింది చూశారా? కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. పైథాన్ లెక్క తప్పలేదు లెండి. ల, క, పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, గుడి. అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్ అనే ప్రమాణంలో వీటిలో ప్రతిదానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 21. ఈ ఏడింటినీ కలిపి, ఏ ఒత్తు ఎక్కడ పడాలో, గుడి ఎక్కడ కూర్చోవాలో చూసుకునేది ఫాంటూ, షేపింగ్ సాఫ్ట్‌వేరూ. అది సరిగ్గా లేని చోట మన ఒత్తులు విడిపోయి పక్కకొచ్చి నిలబడతాయి, మీరూ చూసే ఉంటారు.

ఇప్పుడు ఈ పేరును 10 లక్షల పేర్లలో వెతకాలి. వరసగా చూస్తూ పోతే చివరిదాకా వెళ్లాల్సి రావచ్చు. అదే అక్షర క్రమంలో ఉన్నాయనుకోండి, మధ్య పేరు తీసి, మనది ముందుందా వెనకుందా చూసి, సగం కొట్టేయొచ్చు. మిగిలిన దాంట్లో మళ్లీ సగం. 20 సార్లలో తేలిపోతుంది. మెషిన్ అదే, ఆలోచన మారిందంతే. అల్గారిథమ్స్ పేపర్‌లో ప్రధానంగా ఉండేది ఈ గొడవే.

ఆ పేరు ఇంకో ఫోన్‌కి పంపితే నెట్‌వర్క్స్, దారిలో ఎవరూ చదవకుండా క్రిప్టోగ్రఫీ, దాచిపెడితే డీబీఎంఎస్, అంటే డేటాబేస్‌ల సబ్జెక్టు. టైప్ చేయకుండా నోటితో చెప్తే? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1960లలోనే స్టాన్‌ఫర్డ్‌లో మాటల్ని మెషిన్ గుర్తుపట్టడం మీద పనిచేశారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి, కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

ఎవరి పేరు మీద ఆ అవార్డు ఉందో, ఆ గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ ఏం చేశాడో తెలుసా? ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతుందో, ఆగకుండా తిరుగుతూనే ఉంటుందో తప్పకుండా చెప్పగలిగే పద్ధతి ఉండదని 1936లోనే రుజువు చేశాడు. అప్పటికి మనం వాడే లాంటి కంప్యూటరే లేదు! కాగితం మీద గణితమే. మన కాలేజీల్లో "ఫ్లాట్" (ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమాటా థియరీ) అని పిలుచుకుంటూ, బ్యాక్‌లాగ్ టెన్షన్‌తో చదివే సబ్జెక్టుకు మూలం అక్కడుంది. ఉద్యోగానికి పనికిరాదని సీనియర్లు చెప్తారు, నేను మాత్రం ఒప్పుకోను. టెక్స్ట్‌లో ఫలానా నమూనాను వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు పుట్టింది ఆ సిద్ధాంతంలోంచే. మీ కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ దాన్ని మొదట ముక్కలు చేసేదీ ఆ సిద్ధాంతంతోనే.

వీడియో ఇక్కడ ఆపి, మీ పేరును తెలుగులో లెన్‌కి ఇచ్చి చూడండి. పేరులో "శ్రీ" ఉంటే ఆ ఒక్క అక్షరానికే 4 వస్తుంది. ఎందుకో విడదీసి కామెంట్‌లో రాయండి.