నిజం ప్రేక్షకుడికి ఎప్పుడు చెప్పాలి?

(నెల్లూరు టౌన్‌హాల్‌లో, లఘుచిత్రాలు తీసే యువత కోసం చేసిన ప్రసంగం)

మిత్రులందరికీ నమస్కారం.

హరిశ్చంద్ర నాటకం ఆడితే కాటిసీను కోసం తెల్లవార్లూ కూర్చునే ఊళ్లు మనవి. కాశీరాజు బిడ్డను చంద్రమతి చంపలేదని జనానికి ముందే తెలుసు. తెలుసు గనకే హరిశ్చంద్రుడు కత్తి ఎత్తగానే ఊపిరి బిగబడతారు. నిర్దోషికి మరణశిక్ష పడే కథ రాసేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. నిజాన్ని చివరిదాకా దాచారనుకోండి, ప్రేక్షకుడు కూడా జడ్జితో పాటు ముద్దాయిని అనుమానిస్తూనే ఉంటాడు. ఆఖర్న ఉలిక్కిపడతాడు తప్ప, జాలిపడేందుకు వ్యవధి ఉండదు.

రిచర్డ్ ఫ్లైషర్ 1971లో తీసిన ‘10 రిలింగ్టన్ ప్లేస్’ చూడండి. లండన్‌లో నిజంగా జరిగిన కథ. మొదటి సన్నివేశంలోనే, 1944లో, ఓ ఇంటి కింది వాటాలో ఉండే క్రిస్టీ ఒకామెను చంపడం చూస్తాం. ఆ తర్వాత తిమొతీ ఇవాన్స్ పెళ్లాంబిడ్డలతో అదే ఇంట్లో పైవాటాకు అద్దెకు దిగుతాడు. ఇక వాళ్లు మెట్లెక్కినా దిగినా మనకు భయమే. ఆ తల్లీబిడ్డలను క్రిస్టీ చంపేస్తాడు, నేరం ఇవాన్స్ మీద పడుతుంది.

ఇవాన్స్‌ను మంచివాడిగా దిద్దలేదు, అది నాకు బాగా నచ్చింది. చదువురాదు, గొప్పలు చెబుతాడు, భార్యతో కొట్లాడతాడు, పోలీసులకు పొంతనలేని వాంగ్మూలాలిస్తాడు. జాన్ హర్ట్ వాటిలో ఒక్కదాన్నీ దాచకుండా నటించాడు. మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. హీరో చేత ముసలమ్మను రోడ్డు దాటించి, కుక్కకు బిస్కెట్ పెట్టించి, ఆ తర్వాత అరెస్టు చేయిస్తారు. అలా చేస్తే ‘ఇంత మంచివాణ్ణా చంపేది’ అనిపిస్తుంది. అంటే కాస్త చెడ్డవాడైతే చంపినా ఫరవాలేదన్నమాట! అబద్ధాలకోరును కూడా చేయని నేరానికి చంపకూడదని ప్రేక్షకుడికి అనిపించాలి. కష్టమైన పని అది.

కోర్టులో ఇవాన్స్ మీద ముఖ్య సాక్షి ఆ క్రిస్టీయే. 1950 మార్చి 9న ఇవాన్స్‌ను ఉరితీశారు. మూడేళ్లకు ఆ ఇంట్లోనే శవాలు బయటపడి క్రిస్టీ ఉరికెక్కాడు. ఇవాన్స్‌కు క్షమాభిక్ష 1966లో వచ్చింది.

ఇందులో ఉరి సన్నివేశం క్షణాల్లో ముగుస్తుంది. స్లోమోషన్, వయొలిన్లు, తల్లి కన్నీళ్ల క్లోజప్‌లు పేర్చితే ప్రేక్షకుడు తానూ ఏడ్చి, తేలికపడి వెళ్లిపోతాడు. ఇరవై నిమిషాల చిత్రంలో ఉరికి ఒక్క నిమిషం చాలు. సంగీతం తీసేయండి, చెప్పుల చప్పుడు, తాళాల చప్పుడు ఉంచండి. తలారికి కోరమీసాలు అక్కర్లేదు. మలయాళ దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్ తీసిన ‘నిళల్‌కుత్తు’ (2002)లో నలిగిపోయేది తలారే, తాను ఉరితీసినవాడు నిర్దోషి అన్న బాధతో.

మన దేశపు కథ రాస్తుంటే ఇంకో జాగ్రత్త. క్షమాభిక్ష తిరస్కరించిన మర్నాడే ఉరి అని రాయకండి. తిరస్కరణ సంగతి ఖైదీకి తెలిపాక కనీసం 14 రోజులు గడువివ్వాలని 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మళ్లీ కోర్టుకు వెళ్లేందుకు, ఇంటివాళ్లను కలుసుకునేందుకు ఇచ్చిన గడువది. మీ కథకు అసలు బలం ఆ రోజుల్లోనే ఉంది. ములాఖత్‌కు ఎవరొచ్చారు, బస్సు చార్జీలు ఎవరిచ్చారు, పొలం కాగితాల మాట ఎవరెత్తారు? ఇప్పుడు మీ స్క్రిప్టులు తీయండి, అక్కణ్ణుంచి మొదలుపెడదాం.